ఎదుట లేనివాడికి ఇచ్చిన మాట



రోజులు పాడైపోయాయని, మనుషుల్లో నిజాయితీ సన్నగిల్లిందని అనని వాళ్ళు ఈ రోజుల్లో అరుదు. పెళ్ళి పందిట్లో నలుగురు కూర్చున్నా ఇదే మాట, పత్రికల సంపాదకీయాల్లోనూ ఇదే మాట. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళను చూసి అంటారు, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను చూసి అంటారు. అడ్డు చెప్పేవారు లేని మాటను ఆగి పరీక్షించడానికి ఇలాంటి సభకన్నా తగిన చోటు ఉండదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తెలిసిన మనిషికి ఇచ్చిన మాట నిలబెట్టుకునే గుణం మనలో తగ్గిపోయిందని చూపే గట్టి ఆధారం నాకు ఎక్కడా కనపడలేదు. అయితే మన బతుకు ఇప్పుడు మనం ఎన్నడూ చూడని, చూడబోని మనుషులతో ముడిపడిపోయింది. మన పాలు ఎవరు పితికారో, మన పొదుపు సొమ్ము ఎవరి చేతుల్లో ఉందో, మన బిడ్డ జవాబు పత్రం ఎవరు దిద్దారో మనకు తెలియదు. మన పని ఫలితం ఎవరి ఇంటికి చేరుతుందో కూడా తెలియదు. ఆ తెలియని మనిషికి మనం బాకీ ఉన్నామన్న ఎరుక ఈ ముడి పెరిగినంత వేగంగా పెరగలేదు. నిజాయితీ క్షీణించిందని మనం పిలుస్తున్నది చాలావరకు ఈ ఖాళీనే. దీన్ని చిన్న విషయమని నేను అనడం లేదు. క్షీణత కన్నా ఇది కష్టమైన జబ్బు, ఎందుకంటే మంచివాళ్ళని పేరున్న వాళ్ళలో కూడా ఇది ఉంటుంది.

పొలమో ఇంటి స్థలమో చేతులు మారే తీరు చూడండి. గజం ఇంతకని బేరం కుదురుతుంది. మధ్యవర్తుల ఎదుట బయానా ఇస్తారు. ఆ ప్రాంతానికి ప్రభుత్వం కట్టిన విలువ అసలు ధరకన్నా చాలా చోట్ల బాగా తక్కువ ఉంటుంది. దస్తావేజులో ఆ విలువే వేస్తారు. మిగిలిన సొమ్ము నగదుగా, తరచు రిజిస్ట్రేషన్‌కు ముందే, అమ్మినవాడి ఇంటికి చేరిపోతుంది. దానికి రసీదు ఉండదు. ఇచ్చానని కోర్టులో చూపించడానికి కొన్నవాడి దగ్గర కాగితం ముక్క ఉండదు. అమ్మినవాడు 'నాకేమీ ముట్టలేదు' అని అడ్డం తిరిగితే చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. అయినా అనుకున్న రోజున అతను వస్తాడు, ఫొటో దిగుతాడు, వేలిముద్రలు వేస్తాడు, హద్దులు చూపించి స్థలం అప్పగిస్తాడు. లక్షల రూపాయలు వట్టి నోటిమాట మీద చేతులు మారి, ఎక్కువ బేరాలు ఏ గొడవా లేకుండా ముగుస్తాయి. ఇక్కడ మాట మీద నిలబడటం లేదని ఎవరనగలరు? కానీ అదే గంటలో, అదే ఇద్దరూ, ప్రతిఫలం దస్తావేజులో రాసినంతే ముట్టిందని అధికారి ఎదుట ఒప్పుకుని సంతకాలు చేస్తారు. సాక్షులూ చేస్తారు. రాసిన లేఖరికి అసలు సంగతి తెలుసు, బల్లకు అవతల కూర్చున్నవారికీ తెలుసు. ఈ సంతకాలు చేసేవాళ్ళలో బడిపంతుళ్ళున్నారు, డాక్టర్లున్నారు, గుడి ధర్మకర్తలున్నారు, అవినీతి మీద ఆవేశంగా మాట్లాడేవాళ్ళున్నారు. వీళ్ళలో ఎవరూ పక్కింటివాడి పది రూపాయలు ముట్టరు. బ్యాంకు అప్పుతో ఫ్లాటు కొనేవాళ్ళకు మాత్రం ఎక్కువ అప్పు పుట్టాలంటే ఎక్కువ ధర చూపించక తప్పదు, ఆ మేరకు దస్తావేజు నిజానికి దగ్గరపడుతోంది. మనుషులు వాళ్ళే, నిజం చెబితే కలిసివచ్చేది ఎవరికో అది ఒక్కటే మారింది.

ఈ ఉదాహరణ దగ్గర కాసేపు ఆగడానికి కారణం ఉంది. ఇందులో నిజాయితీ, అబద్ధం ఒకే మనిషిలో, ఒకే పూట, ఒకే కాగితం చుట్టూ కలిసి ఉన్నాయి. మంచివాడు, చెడ్డవాడు అని మనుషులను రెండు కుప్పలు పోసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఎదుటివాడికి ముఖం ఉంది, పేరు ఉంది, బంధువులున్నారు, అతనికి మాట తప్పితే ఊళ్ళో పరువు పోతుంది. ప్రభుత్వానికి అవేమీ లేవు. ఎగ్గొట్టిన స్టాంపు సుంకం వల్ల ఏ ఊరి ఆరోగ్య కేంద్రంలో మందులు తగ్గాయో, ఏ బడిలో గది కట్టకుండా ఆగిపోయిందో ఎవరూ లెక్క కట్టి చూపించరు. నష్టపోయినవాడు ఎదుట నిలబడి అడగనప్పుడు తప్పు చేసినట్టే అనిపించదు.

వెనకటి రోజుల్లో ఇలా ఉండేది కాదన్న జవాబు వెంటనే వస్తుంది. ప్రామిసరీ నోటు మీద మూడేళ్ళు దాటితే బాకీకి కాలదోషం పడుతుంది. నోటు తిరగరాయకపోయినా, దావాకు అవకాశం లేకపోయినా, తండ్రి చేసిన అప్పును కొడుకులు పంచుకుని తీర్చిన కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. అది నిజం. ఆ గుణాన్ని నేను గౌరవిస్తాను. కానీ ఆ పల్లె గురించి చరిత్ర చెప్పేది ఇంకా ఉంది. కుంఫిణీ పాలనలో గుంటూరు జిల్లా రాబడి ఏటికేడాది గల్లంతవుతుంటే, కారణం తేల్చడానికి వాల్టర్ ఇలియట్ అనే అధికారిని పంపారు. ఆయన 1846లో ఇచ్చిన నివేదిక ఆధారంగా, ఇతర రికార్డులు కూడా తిరగేసి, రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ అనే చరిత్రకారుడు 1965లో గుంటూరు జిల్లా మీద ఒక గ్రంథం వెలువరించారు. అందులో కనిపించే చిత్రం ఇది: పల్లెలో కరణం నుంచి జిల్లా కచేరీలో శిరస్తాదారు దాకా ఒక గొలుసు. సాగులో ఉన్న భూమి లెక్కల్లో బీడు, పండిన పంట లెక్కల్లో ఎండు. ఆ గొలుసులో ఉన్నవాళ్ళు ఒకరినొకరు మోసం చేసుకోలేదు. ఒకరి గుట్టు ఒకరు దశాబ్దాల పాటు కాపాడుకున్నారు. తమవాళ్ళ పట్ల అంత నమ్మకంగా ఉన్నారు కనుకనే పైవాళ్ళను అంత కాలం నమ్మించగలిగారు. పరాయి ప్రభుత్వాన్ని మోసం చేస్తే తప్పేమిటని అడగవచ్చు. ఆ అడగడంలో న్యాయం కూడా కొంత ఉంది. అయితే దాచిన రాబడి పేద రైతుకు చేరలేదు; నందన నామ సంవత్సరపు కరువులో, అంటే 1832-33లో, అదే జిల్లాలో జనం తిండి లేక రాలిపోయారు.

1854లో మద్రాసు ప్రభుత్వం వేసిన హింసల విచారణ సంఘం 1855లో ఇచ్చిన నివేదిక చదివితే, శిస్తు వసూలు పేరుతో తాలూకా ఉద్యోగులు, బంట్రోతులు రైతులను ఎంత బాధించారో, ఆ వసూళ్ళ చాటున ఎంత సొంతానికి దండుకున్నారో తెలుస్తుంది. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టి రాజమండ్రి కచేరీల లంచగొండితనం మీద కత్తి దూశారు. వకీళ్ళ మాయోపాయాల మీద వ్యవహార ధర్మబోధిని అనే నాటకమే రాశారు. ఇంకా వెనక్కి పోతే కౌటిల్యుడు అధికారులు ఖజానా సొమ్ము కాజేసే పద్ధతులు నలభై అని లెక్కపెట్టి పెట్టాడు. ఇన్ని తరాల వాళ్ళూ తమ కాలమే చెడిందని అనుకున్నారు. అందరూ నిజమే అని ఉంటే, ఈ పాటికి మనం ఒకరి మాట ఒకరు నమ్మి ఒక్క పూట కూడా గడపలేని స్థితికి చేరి ఉండాలి.

పాత నిజాయితీలో ఇంకో లోటు ఉంది, దాన్ని దాటవేసి పొగడటం నాకు ఇష్టం లేదు. సాటివాడికి ఇచ్చిన మాట కోసం ప్రాణం పెట్టే దొర, తన గడీలో వెట్టి చేసేవాడి లెక్క దగ్గర ఆ మాట గుర్తుపెట్టుకోలేదు. తెలంగాణలో నాగు కింద అప్పుగా ఇచ్చిన గింజలు ఎంత, వచ్చే పంటకు వాటి మీద ఎక్కింది ఎంత అన్నది రాసుకునేవాడి కలంలోనే ఉండేది. చదువురాని జీతగాడు బొటనవేలు వేసిన కాగితంలో ఏముందో చదివి చెప్పేవారు లేరు. తాత చేసిన అప్పుకు మనవడు జీతం ఉన్న ఇళ్ళున్నాయి. ఆ దొరను ఊరు అబద్ధీకుడని అనలేదు, పెద్దమనిషి అనే అంది. ఎవరికి మాట ఇస్తే అది మాట అనిపించుకుంటుందో నిర్ణయించే గీతను కులం, భూమి కలిసి గీశాయి. 1976లో వెట్టి నిర్మూలన చట్టం వచ్చాక, దాన్ని కాగితం మీంచి పల్లెలోకి దింపడానికి పట్టుదలగా పనిచేసిన అధికారుల్లో ఎస్.ఆర్. శంకరన్ ముందు వరసలో ఉంటారు. ఆయన జీవితంలోని నిరాడంబరత గురించి అందరూ చెబుతారు. నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది ఆయన నిజాయితీ ఏ దిక్కుకు తిరిగి ఉందన్నది. తాను ఎన్నడూ కలవబోని, తనకు ఏ రకంగానూ ఉపకారం చేయలేని మనుషులకు తాను జవాబుదారీ అని ఆయన నమ్మారు. గీత చెరిపిన నిజాయితీ అది. మన తాతల కాలంలో అది ఇప్పటికన్నా ఎక్కువగా ఉండేదని నేను అనుకోను.

కొలిచి చూసిన ఆధారాలు ఏమంటున్నాయి? ఆడమ్ మాస్ట్రోయాని, డేనియల్ గిల్బర్ట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2023లో నేచర్ పత్రికలో ఒక అధ్యయనం ప్రకటించారు. 1949 నుంచి జరిగిన సర్వేలను పోగుచేసి చూస్తే, కనీసం 60 దేశాల్లో జనం నైతికత దిగజారుతోందనే అన్నారు. కానీ వేరే సర్వేల్లో, 'నిన్న నీతో జనం మర్యాదగా ప్రవర్తించారా, ఎవరైనా సాయం చేశారా' లాంటి ప్రశ్నలకు వచ్చిన జవాబులు దశాబ్దాలు గడిచినా పెద్దగా మారలేదు. నన్ను ఆకట్టుకున్నవి ఇంకో రెండు ఫలితాలు. తమ పుట్టుకకు ముందు కూడా లోకం దిగజారుతూ వచ్చిందా అని అడిగితే, జనం లేదన్నారు. దిగజారుడు తాము భూమ్మీద పడ్డాకే మొదలైందన్నారు. తమకు బాగా తెలిసిన మనుషులు చెడిపోయారా అని అడిగితే, దానికీ లేదనే జవాబు. చెడిపోయినవాళ్ళు ఎప్పుడూ తెలియనివాళ్ళే. నా వాదానికి దీనికన్నా దగ్గరి సాక్ష్యం దొరకదు.

అభిప్రాయాలు వేరు, నడత వేరు అని ఎవరైనా అంటే అదీ న్యాయమే. నడతను కొలిచిన ప్రయోగం కూడా ఒకటి ఉంది. 2019లో సైన్స్ పత్రికలో వచ్చింది. 40 దేశాల్లోని 355 నగరాల్లో, బ్యాంకులు, పోస్టాఫీసులు, హోటళ్ళు, మ్యూజియంల లాంటి చోట్ల కౌంటర్ల దగ్గర 17 వేలకు పైగా పర్సులను 'రోడ్డు మీద దొరికింది' అని చెప్పి అప్పగించి వెళ్ళిపోయారు. డబ్బు ఉన్న పర్సులను ఎవరూ వెనక్కి ఇవ్వరని మనం అనుకుంటాం. అర్థశాస్త్రం చదివిన పండితులూ జరగబోయేది సరిగ్గా ఊహించలేకపోయారు. జరిగింది వేరు. 38 దేశాల్లో ఖాళీ పర్సుల కన్నా డబ్బున్న పర్సుల సొంతదారులకే ఎక్కువ కబురు అందింది. మొత్తం మీద ఖాళీవాటిలో 40 శాతం, డబ్బున్నవాటిలో 51 శాతం. ఈ ప్రయోగానికి లోపాలున్నాయి. సొంతదారుకు ఈమెయిలు పంపితేనే నిజాయితీగా లెక్కవేశారు; చైనాలో దాన్ని తిరిగి చేసి చూసిన పరిశోధకులకు, ఈమెయిలు పంపకపోయినా పర్సును భద్రంగా తీసిపెట్టినవాళ్ళు చాలామంది కనిపించారు. అయినా ఒక సంగతి గమనించాలి. పర్సులో పేరు ఉంది, తాళంచెవి ఉంది, ఇంటి సరుకుల చీటీ ఉంది. తెలియని మనిషే అయినా అతనికి ఒక ముఖం ఏర్పడింది. దేశానికీ దేశానికీ తేడా మాత్రం చాలా ఉంది. స్విట్జర్లాండ్, నార్వే లాంటి దేశాలు పైన నిలిచాయి. అక్కడి మనుషులు పుట్టుకతో ఉత్తములు అనుకోనక్కర్లేదు. పరిచయం లేనివాడితో నిజాయితీగా ఉంటే నష్టపోమన్న ధైర్యం అక్కడి వ్యవస్థలు తరాల తరబడి ఇచ్చాయి.

ప్రజాజీవితం సంగతేమిటని అడిగేవారికి జవాబు చెప్పడం నిజంగా కష్టం. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోతే రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వబోయారు. నవంబరులో అరియలూరులో మళ్ళీ ప్రమాదం జరిగాక పదవి వదిలేశారు. అలాంటి మంత్రులు ఇప్పుడెక్కడున్నారని అడగటంలో తప్పులేదు. కానీ ఆ మరుసటి ఏడే జీవిత బీమా సంస్థ సొమ్ము కోటీ పాతిక లక్షల దాకా ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల వాటాల్లో పోసిన ఉదంతం పార్లమెంటులో బయటపడి, 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి తప్పుకోవలసి వచ్చింది. 1962లో సంతానం సంఘాన్ని వేయవలసినంతగా, 1964లో కేంద్ర విజిలెన్స్ కమిషన్ పెట్టవలసినంతగా అవినీతి ఆనాటి పాలకులను కలవరపెట్టింది. అయినా ఇప్పటి అంకెలు చిన్నవి కావు. తమ మీద క్రిమినల్ కేసులున్నాయని అఫిడవిట్లలో ప్రకటించిన లోక్‌సభ సభ్యులు 2009లో 30 శాతం, 2024లో 46 శాతం. కేసు ఉన్నంతమాత్రాన నేరం రుజువైనట్టు కాదు; సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల ముందు ఈ లెక్క చూసే వీలే లేదు. ఇవన్నీ ఒప్పుకున్నా ఈ పెరుగుదలను కొట్టిపారేయలేం. ఈ ఒక్క రంగంలో దిగజారుడు ఉందనే నా అభిప్రాయం. ఎందుకన్న ప్రశ్నకు జవాబు మళ్ళీ మొదటి చోటికే తీసుకెళుతుంది.

మన తెలుగు రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి చేయగల ఖర్చుకు 2022 నుంచి పరిమితి 40 లక్షలు. గెలిచినవారూ ఓడినవారూ ఆ పరిమితికి లోబడే ఖర్చు చేశామని లెక్కలు దాఖలు చేస్తారు. స్థలం దస్తావేజు లాంటి కాగితమే ఇదీ. ఇక ఓటుకు డబ్బు పుచ్చుకున్న ఇంటికి వెళ్ళండి. అక్కడ వినపడే మాట ఒకటుంది: 'తీసుకున్నాం కదా, వేయకపోతే పాపం.' పుచ్చుకున్నవాళ్ళ చేత పసుపు మీద, దేవుడి పటం మీద ప్రమాణం చేయించుకునే మధ్యవర్తులున్నారంటే, ఆ ప్రమాణానికి కట్టుబడతారన్న నమ్మకం వాళ్ళకు ఉందన్నమాట. ఉప్పు తిన్నవాడికి ద్రోహం చేయకూడదన్న పాత ధర్మం చెక్కుచెదరకుండా అక్కడ పనిచేస్తోంది. అది బలంగా ఉంది గనుకే ఓటును కొనడం సాధ్యమవుతోంది. ఇచ్చినవాడికి ముఖం ఉంది. నియోజకవర్గానికి, రాజ్యాంగానికి, రేపు ఆ సీటులో కూర్చున్నవాడి చేతిలో నష్టపోబోయే పరాయి ఊరివాడికి ముఖం లేదు. ఓటర్లకు నీతి లేదని తిట్టేవారు ఈ సంగతి చూడకుండా తిడుతున్నారు. ఆ ఓటరుకు మనం నేర్పవలసింది నిజాయితీని కొత్తగా కాదు, దాన్ని ఎంత దూరం చాపాలో అది.

పరీక్షల విషయంలోనూ ఇంతే. తెలంగాణలో 2016లో ఎంసెట్-2 ప్రశ్నపత్రం, 2023 మార్చిలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాలు బయటికి పొక్కి పరీక్షలు రద్దయ్యాయి. బిడ్డ కోసం అప్పుచేసి ప్రశ్నపత్రం కొన్న తండ్రి ఇంట్లో చెడ్డ తండ్రి కాకపోవచ్చు. అతని కళ్ళకు తన బిడ్డ కనపడింది. ఆ సీటుకో ఆ ఉద్యోగానికో లాంతరు ముందు కూర్చుని చదివిన ఇంకొకరి బిడ్డ కనపడలేదు.

కెమెరాలు, ఆధార్, కంప్యూటరు లెక్కలు వచ్చాక మనుషుల నిజాయితీ మీద ఆధారపడనక్కర్లేదని చెప్పేవారున్నారు. ముఖం తెలియకపోతే యంత్రం కాపలా కాస్తుందని వాళ్ళ ధైర్యం. వారికి హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌ను గుర్తుచేయాలి. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ బి. రామలింగరాజు మోసం ఒప్పుకుంటూ రాసిన లేఖ వచ్చేనాటికి అక్కడ లేని రక్షణ లేదు. పేరున్న స్వతంత్ర డైరెక్టర్లు ఉన్నారు. అంతర్జాతీయ ఆడిట్ సంస్థ ఉంది. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి నిబంధనలున్నాయి. ఉత్తమ కార్పొరేట్ పాలనకు అంతకు ముందు ఏడే పురస్కారం వచ్చింది. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవని ఆ లేఖే చెప్పింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక న్యాయస్థానం పదిమందిని దోషులుగా తేల్చింది. ఆ తీర్పు మీద అప్పీళ్ళు దాఖలయ్యాయి. ఆ మోసంలో ఒక చిన్న మెట్టును దగ్గర నుంచి చూడాలి. ఆడిటర్ చేసే ప్రాథమిక పనుల్లో ఒకటి, కంపెనీ ఖాతాలో ఇంత ఉందా అని బ్యాంకుకు తానే లేఖ పంపి, జవాబు తన చేతికే నేరుగా తెప్పించుకోవడం. అమెరికా నియంత్రణ సంస్థలు 2011లో ఆ ఆడిట్ సంస్థ భారత శాఖలకు జరిమానా విధిస్తూ ఎత్తిచూపిన లోపం సరిగ్గా ఇదే: ఆ లేఖలు పంపడం, జవాబులు తెప్పించడం కంపెనీ చేతికే వదిలేశారు. ఒక కవరు సొంతంగా పోస్టు చేయడమంత పని అది. చేయకపోవడానికి లంచమే తీసుకోనక్కర్లేదు. ఎదురుగా కూర్చున్న ఫైనాన్స్ అధికారి మర్యాదస్తుడు, ఏళ్ళ తరబడి తెలిసినవాడు, అతన్ని అనుమానించినట్టు ఉంటుందన్న మొహమాటం చాలు. ఆ మొహమాటానికి మూల్యం చెల్లించినవాళ్ళు కంపెనీ వాటాలు కొన్న లక్షలాది మదుపరులు, తెల్లారేసరికి ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని సుమారు 50 వేల మంది సిబ్బంది. 2005లో 108 అంబులెన్స్ సేవ మొదలు కావడానికి చేయూతనిచ్చింది కూడా ఇదే రామలింగరాజు. ఆ సేవ ఎన్నో ప్రాణాలు కాపాడింది. దాతృత్వాన్ని నిజాయితీకి బదులుగా జమ వేసుకునే మన అలవాటును ప్రశ్నించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు.

నిబంధనలు వృథా అని నేను అనడం లేదు. నిబంధన ఎక్కడైతే ముఖం లేనివాడికి ముఖం ఇస్తుందో అక్కడ అది పనిచేస్తుంది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ చట్టం 17వ సెక్షన్ కింద సామాజిక తనిఖీని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో మరే రాష్ట్రమూ పెట్టుకోనంత పట్టుదలతో చేపట్టింది. పద్ధతి సాదాసీదాగా ఉంటుంది. కూలీల కుటుంబాల్లోంచే చదువుకున్న యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, సొంత ఊరు కాని ఊళ్ళకు పంపుతారు. వాళ్ళు మస్టరు చేతబట్టుకుని ఇంటింటికీ తిరిగి, 'నువ్వు ఈ వారం ఆరు రోజులు పనిచేశావని ఉంది, చేశావా? డబ్బు అందిందా?' అని అడిగి రాసుకుంటారు. చెరువు గట్టు ఎంత పోశారో టేపు పెట్టి కొలుస్తారు. తరవాత గ్రామసభలో ఆ పేర్లు పైకి చదువుతారు. చనిపోయినవాళ్ళ పేర్లు, వలస పోయినవాళ్ళ పేర్లు, ఊళ్ళోనే లేని పేర్లు అలా బయటపడ్డాయి. కచేరీలో దస్తాల మధ్య ఉన్నంతకాలం ప్రభుత్వ సొమ్ము ఎవరిదీ కాదు. పేరు పేరునా చదివేసరికి అది ఫలానా ఇంటి కూలి డబ్బు అయింది.

ఈ తనిఖీలు అన్నీ చక్కదిద్దేశాయని చెబితే అబద్ధమవుతుంది. ఫర్జానా అఫ్రీదీ, వేగార్డ్ ఇవర్సెన్ చేసిన అధ్యయనం ప్రకారం, దొరికిపోయిన సొమ్ములో తిరిగి వసూలైంది కొద్ది భాగమే, బాధ్యుల మీద చర్యలు అరుదు. మస్టరులో దొంగ పేరు వేస్తే తేలికగా దొరికిపోతారు కనుక, కూలీలు పరిశీలించలేని సామగ్రి బిల్లుల వైపు తప్పులు మళ్ళాయి. సిమెంటు బస్తాల లెక్కకు మళ్ళీ ముఖం లేదు. ఈ ఫలితం నిరాశ కలిగించేదే అయినా, ఎక్కడెక్కడ ఇంకా పని మిగిలి ఉందో ఖచ్చితంగా చూపిస్తోంది. కూలి లెక్కను చదివినట్టే బిల్లుల లెక్కను కూడా సామాన్యుడికి అర్థమయ్యే తీరులో చదివి వినిపించే పద్ధతి రావాలి. స్థలాల ప్రభుత్వ విలువను అసలు ధరకు దగ్గరగా తెచ్చి, ఆ మేరకు సుంకం శాతం తగ్గిస్తే, నిజం రాసినవాడు నష్టపోడు. ఆడిటర్లకు, ఇంజనీర్లకు, ఉపాధ్యాయులకు వృత్తి నీతి అనే పాఠంలో లంచం తీసుకోకూడదన్నది ఒక్కటే చెబితే సరిపోదు. మొహమాటపడకపోవడం కూడా వృత్తిలో భాగమని, బల్లకు అవతల కూర్చున్న పెద్దమనిషికన్నా ఎక్కడో ఉన్న మదుపరికి, విద్యార్థికి, రోగికి ముందు బాకీ ఉన్నారని చెప్పాలి.

మళ్ళీ ఆ గ్రామసభకే వస్తే, మస్టరు చదివినప్పుడు బయటపడే దొంగ పేర్లు వేసింది చాలాసార్లు ఊరివాడే, వరసకు బావో మరిదో అయ్యేవాడే. లేచి చెబితే బంధుత్వం చెడుతుంది, రేపు పని ఇవ్వకపోవచ్చు, ఇంటికి వచ్చి నిలదీయవచ్చు. ఊరుకుంటే పోయేది ప్రభుత్వం సొమ్మేగదా అన్న సర్దుబాటు చేతికి అందేంత దగ్గర్లో ఉంది. అలాంటి సభల్లో, ఇంత చదువుకున్న మనం స్టాంపు కాగితం దగ్గర చేయలేని పనిని, రోజు కూలీ మీద బతికే ఆడవాళ్ళు చేశారు. తమ పేరిట పడని డబ్బు గురించి కూడా లేచి నిలబడి, ఆ వారం అక్కడ పని జరగలేదని చెప్పారు.